తట్ట మోసిన చేతికి తాపీ ఎందుకు రాదు?

(విజయవాడలో స్త్రీ కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



పని చేస్తూ పని నేర్చుకోవడం గురించి మాట్లాడమని నన్ను అడిగారు. వినడానికి ఇది తగాదా లేని విషయంలా ఉంటుంది. అనుభవం మీద పని వస్తుందంటే కాదనేవాళ్ళెవరు? వంట, వడ్రంగం, వ్యవసాయం, పురుడు పొయ్యడం, ఏదైనా సరే లోకంలో ఎక్కువమంది బడిలో నేర్చుకోలేదు. చేస్తూ నేర్చుకున్నారు. నా ప్రశ్న ఆ తర్వాతది. ఏళ్ళ తరబడి పని చేస్తే అనుభవం అందరికీ వస్తుంది. కానీ కొందరి అనుభవాన్ని 'నైపుణ్యం' అంటారు, కొందరిదాన్ని 'అలవాటు' అంటారు. మొదటి మాటకి కూలి పెరుగుతుంది, రెండో మాటకి పెరగదు. ఈ రెండు మాటల్ని పంచిపెడుతున్నదెవరు?

కృష్ణా డెల్టాలో మాట్లాడుకుంటున్నాం కాబట్టి ఊడ్పులతోనే మొదలుపెడతాను. 1855లో ఆనకట్ట పూర్తయినప్పటి నుంచీ, 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చాకా ఈ నేల వరి నేల. వరికి కాలువలు తవ్వినవాళ్ళ పేర్లు, ఆనకట్ట కట్టించిన ఇంజనీర్ల పేర్లు మనం పాఠాల్లో చదువుకున్నాం. మారుటేరు పరిశోధనా స్థానంలో స్వర్ణ వచ్చింది, బాపట్లలో సాంబ మసూరి వచ్చింది, ఆ శాస్త్రవేత్తలకు దక్కాల్సిన గౌరవం దక్కింది. ఆ విత్తనం మొక్కై మడిలో నిలబడాలంటే నడుం వంచి నాటినవాళ్ళు కావాలి. వాళ్ళు స్త్రీలు, అందులోనూ ఎక్కువమంది దళిత, వెనుకబడిన కులాల స్త్రీలు. వాళ్ళ పనిని మన భాషలో ఏమంటారు? 'కూలి పని.' ఇంకో మాట లేదు.

ఆ పనిలో ఏముందో ఒకసారి నిదానంగా చూద్దాం. నేను పామర్రు, మొవ్వ వైపు పొలాల్లో ముఠాలతో కలిసి రోజుల తరబడి ఉన్నాను. గట్టు మీద నుంచి చూస్తే అందరూ ఒకేలా వంగి, ఒకేలా వెనక్కి నడుస్తూ కనిపిస్తారు. మడిలోకి దిగాక తెలుస్తుంది. దమ్ము చేసిన చేను బురద ఎంత గట్టిపడిందో ముందు వేలు పెట్టి చూస్తారు. మరీ పల్చగా ఉంటే ఆకు నిలబడదు, మునిగిపోతుంది లేదా తేలిపోతుంది. మరీ గట్టిపడితే వేళ్ళు పగులుతాయి, నాటు లోతు పోతుంది. లోతు ఎక్కువైతే పిలకలు తక్కువ వేస్తుంది. పైపైన పెడితే గాలికి లేస్తుంది. రెండు మూడు సెంటీమీటర్ల తేడాలో ఈ పంచాయితీ అంతా ఉంది. ఆ కొలతని ప్రతి కుదురుకీ, నీళ్ళ కింద కంటికి కనపడకుండా, బొటనవేలు చూపుడువేలు చూసుకోవాలి.

చదరపు మీటరుకి ఇన్ని కుదుళ్ళు, కుదురుకి రెండు మూడు మొక్కలు అని వ్యవసాయ శాఖ పుస్తకం చెబుతుంది. కానీ చేలో పరిస్థితి పుస్తకంలా ఉండదు. కాలువ నీళ్ళు ఆలస్యంగా వదిలారు, ఆకుమడిలో నారు ముదిరిపోయింది. అప్పుడు కుదుళ్ళు దగ్గరగా పడాలి, కుదురుకి మొక్కలు ఎక్కువ పెట్టాలి. ఎందుకంటే ముదురు ఆకు పిలకలు సరిగా వెయ్యదు. దివిసీమ వైపు చౌడు నేలైతే ఇంకో లెక్క, కొన్ని మొక్కలు చస్తాయని ముందే అనుకుని నాటాలి. ఆకు కట్టలు కట్టేటప్పుడు కొసలు తుంచేస్తారు. దాంతో కాండం తొలిచే పురుగు గుడ్లు చేలోకి రాకుండా చాలావరకు పోతాయి. ఈ కారణం వ్యవసాయ కళాశాలలో పాఠంగా చెబుతారు. ముఠా స్త్రీకి పురుగు శాస్త్రనామం తెలియదు, తుంచకపోతే ఏమవుతుందో తెలుసు. ఇవన్నీ ఆమెకి ఒకరు కూర్చోబెట్టి చెప్పినవి కాదు. పన్నెండు, పదమూడేళ్ళకి తల్లి పక్కన ఆకు అందించడానికి వెళ్ళి, తర్వాత అంచున రెండు మూనలు పట్టి, తర్వాత ముఠాలో మనిషై నేర్చుకున్నది. (ఆ వయసులో ఆ పిల్ల బడిలో ఉండాలి, ఆ సంగతి మర్చిపోయి ఈ చదువుని పొగడడం నా ఉద్దేశం కాదు.)

ఇక మనం గట్టిగా పట్టుకోవలసిన కాగితం ఒకటుంది. కేంద్ర ప్రభుత్వం కనీస వేతనాలు ప్రకటించేటప్పుడు పనుల్ని తరగతులుగా విడగొడుతుంది. నైపుణ్యం లేని పని, కొంత నైపుణ్యం ఉన్న పని, నైపుణ్యం ఉన్న పని, అధిక నైపుణ్యం ఉన్న పని. ఆ నోటిఫికేషన్లలోనే ఈ మాటలకి నిర్వచనాలు ఉన్నాయి. నైపుణ్యం లేని పని అంటే పెద్దగా నేర్పూ, అనుభవమూ అక్కరలేని తేలిక పనులు. నైపుణ్యం ఉన్న పని అంటే, పని చేస్తూ వచ్చిన అనుభవం వల్లగానీ, సాంకేతిక సంస్థలో అప్రెంటిస్‌గా శిక్షణ పొందడం వల్లగానీ సంపాదించిన సామర్థ్యంతో, సొంత చొరవతో, సొంత నిర్ణయంతో చేసేది. సారాంశం ఇది, మాటలు నావి. ఇందులో 'గానీ' అన్న మాట చూడండి. సర్టిఫికెట్టు తప్పనిసరి అని ప్రభుత్వం అనలేదు. అనుభవం చాలునని ప్రభుత్వమే ఒప్పుకుంది. ఆ నిర్వచనాన్ని నిజాయితీగా చేలోకి తీసుకెళ్తే, ముదురు ఆకుకి కుదుళ్ళ దూరం ఎంతుండాలో నిర్ణయించే స్త్రీ ఏ తరగతిలోకి వస్తుంది? పొలం యజమాని గట్టు మీద గొడుగేసుకుని నిలబడితే నిలబడొచ్చు గాక, నిర్ణయం మాత్రం ఆమె వేళ్ళదే.

'నైపుణ్యం' అన్నది పనిలో ఉండే గుణం మాత్రమే కాదు, చేసేవాళ్ళని బట్టి అతికించే చీటీ కూడా అని 1980లో బ్రిటన్‌లో ఆన్ ఫిలిప్స్, బార్బరా టేలర్ రాశారు. ఆ మరుసటి ఏడు డయాన్ ఎల్సన్, రూత్ పియర్సన్ ఎగుమతుల ఫ్యాక్టరీల గురించి రాస్తూ, ఆడపిల్లల చురుకైన వేళ్ళు పుట్టుకతో వచ్చినవి కావనీ, ఇళ్ళల్లో కుట్టుపనితో చిన్నప్పట్నుంచి వచ్చిన శిక్షణేననీ చూపించారు. ఆ శిక్షణ ఇంట్లో జరిగింది కాబట్టి కనపడదు. కనపడదు కాబట్టి దానికి ధర లేదు. మనకి మరీ దగ్గరి ఉదాహరణ నర్సాపురం లేసు. మరియా మీస్ అక్కడ పరిశోధన చేసి 1982లో పుస్తకం వేసింది. ఎగుమతి మార్కెట్టుకి రోజంతా అల్లే స్త్రీలని అందరూ, చివరికి వాళ్ళకి వాళ్ళే, 'ఇంట్లో ఖాళీగా ఉండే గృహిణులు' అనుకోవడం వల్ల వ్యాపారానికి ఎంత లాభమో ఆమె విప్పి చూపింది. అది గోదావరి వైపు కథే అయినా, బుడమేరు దాటి ఇటు రావడానికి దానికి వీసా ఏం అక్కర్లేదు.

కొండపల్లి బొమ్మల్నే చూడండి. తెల్ల పొణికి కర్ర చెక్కడం, చింతగింజల పొడి రంపపుపొట్టు కలిపిన మక్కుతో ముక్కలు అతకడం, రంగులు వెయ్యడం, ఇదంతా కుటుంబం మొత్తం చేసే పని. రంగుల పనిలో స్త్రీల చెయ్యి చాలా ఉంది. దాన్ని 'కళ' అంటాం, దానికి భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. రావాలి. ఊడ్పుకి మాత్రం ఆ మర్యాద లేదు. బొమ్మ అల్మరాలో ఉంటుంది, ఊడ్పు అన్నంలో కలిసిపోతుంది. అంతకన్నా పెద్ద కారణం కులం. కొన్ని కులాల చేతుల్లో ఉన్నది కళ అవుతుంది, కొన్ని కులాల చేతుల్లో ఉన్నది ఒంటి చాకిరీ అవుతుంది. స్త్రీల శ్రమ గురించి మనం మాట్లాడేటప్పుడు ఈ మాటని పక్కన పెడితే సగం విశ్లేషణే చేసినట్టు.

ఇప్పుడు నగరంలోకి వద్దాం. ఇక్కడికి దగ్గరలోనే ఆటోనగర్ ఉంది. లారీల బాడీలు కట్టడం, ఇంజన్లు విప్పడం, లేత్ పని, అక్కడ వేలమంది నేర్చుకున్నారు. నేర్చుకునే దారి అందరికీ తెలిసిందే. కుర్రవాడు షెడ్డులో చేరతాడు. మొదట టీలు తేవడం, కిరసనాయిలుతో సామాన్లు కడగడం. తర్వాత స్పానర్ నంబరు చెప్పగానే అందించడం. తర్వాత నట్లు విప్పడం. మేస్త్రీ తిడతాడు, కొడతాడు కూడా. కొన్నాళ్ళకి ఇంజన్ మోత విని జబ్బు చెప్పగలుగుతాడు. ఇంకొన్నాళ్ళకి వాడే మేస్త్రీ. వాడిలో కొందరు సొంత షెడ్డు పెడతారు. ఈ దారిలో బాలకార్మికుల కష్టం ఉంది, దెబ్బలున్నాయి, దాన్ని నేను సమర్థించడం లేదు. పద్నాలుగేళ్ళలోపు పిల్లల్ని పనిలో పెట్టుకోవడాన్ని 2016 సవరణ పూర్తిగా నిషేధించింది. కుటుంబ వృత్తుల మినహాయింపు మాత్రం ఉంచింది, దాని మీద మన అభ్యంతరం మనకుంది. నేను చూపదలచుకున్నది ఆ దారికి ఉన్న నిచ్చెన. కింది మెట్టు మీద ఉన్నవాడికి పై మెట్టు కనపడుతోంది, ఎక్కడానికి వీలుంది.

1991లో జీన్ లేవ్, ఎటియెన్ వెంగర్ అనే ఇద్దరు పరిశోధకులు సరిగ్గా దీని మీదే ఒక చిన్న పుస్తకం రాశారు. మెక్సికోలో యుకటాన్ మంత్రసానులు, లైబీరియాలో దర్జీలు ఎలా నేర్చుకుంటారో పరిశీలించి వాళ్ళు తేల్చింది ఏమిటంటే, నేర్చుకోవడం అంటే తలలో సమాచారం నింపుకోవడం కాదు, ఒక పనివాళ్ళ గుంపులో అంచు నుంచి మధ్యకి జరగడం. కొత్తగా వచ్చినవాళ్ళు అంచున చిన్న పనులు చేస్తారు, మధ్యలో జరిగేది చూస్తూ ఉంటారు, క్రమంగా మధ్యలోకి వస్తారు. వాళ్ళ ఉదాహరణల్లో ఇంకొకటి నాకు ఎక్కువ పనికొచ్చింది. అమెరికాలో సూపర్ మార్కెట్లలో మాంసం కొట్టే పని నేర్చుకునేవాళ్ళని, పొట్లాలు కట్టే చోట నిలబెట్టారు. అక్కడ నుంచి చూస్తే కోసేవాళ్ళు కనపడరు. వాళ్ళకి పొట్లాలు కట్టడమే వచ్చింది. అంటే పనిలో ఉన్నంత మాత్రాన పని రాదు. ఎక్కడ నిలబెట్టారన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఇక భవన నిర్మాణం చూడండి. తెల్లవారుజామున బెజవాడలో ఏ కూలీల అడ్డాకైనా వెళ్ళండి. తాపీ, మట్టపు బద్ద పట్టుకున్నవాళ్ళు మగవాళ్ళు. సంచీలో టిఫిన్ గిన్నె, తలకి చుట్టకుదురు గుడ్డ ఉన్నవాళ్ళు ఆడవాళ్ళు. ఇద్దరూ ఒకే గోడ దగ్గర పనిచేస్తారు. ఆమె ఇసుక జల్లిస్తుంది, మాలు కలుపుతుంది, తట్ట అందిస్తుంది, గోడ తడుపుతుంది. ఇటుక కట్టుబడికి ఒకటికి ఆరు, ప్లాస్టరింగ్‌కి ఒకటికి నాలుగు, ఆమెకి కంఠతా వచ్చు. మాలు చూసి నీళ్ళు ఎక్కువయ్యాయని మేస్త్రీ కంటే ముందు ఆమే చెబుతుంది. మాంసం కొట్టులో కుర్రాళ్ళకి కనీసం పని కనపడలేదు. ఈమెకి పని కళ్ళెదురుగానే ఉంది, ఇరవై ఏళ్ళుగా. అయినా తాపీ చేతికి రాదు. ఆమె తర్వాత చాలా ఏళ్ళకి వచ్చిన పద్దెనిమిదేళ్ళ కుర్రవాడు, అంతదాకా ఆమె కలిపిన మాలే మోసినవాడు, రెండేళ్ళలో మేస్త్రీ అవుతాడు.

ఎందుకని అడిగితే చాలా కారణాలు చెబుతారు. పరంజా ఎక్కలేరు, చీరతో కుదరదు, బరువు మోయలేరు. బరువులన్నీ మోస్తున్నదే ఆమె! తట్టతో మూడో అంతస్తుకి నిచ్చెన మీద ఎక్కుతున్నదీ ఆమే. అసలు కారణాన్ని ఒక మేస్త్రీ నాతో దాపరికం లేకుండా అన్నాడు. తాపీ ఆమెకిస్తే తట్ట ఎవరందిస్తారు? అదీ విషయం. ఆమె అంచునే ఉండాలి, అప్పుడే మధ్యలోవాడి కూలి నిలబడుతుంది. ఇంకొకటి, చాలామంది జంటగా పనికి వస్తారు. భర్త మేస్త్రీ, భార్య తట్ట. పని నేర్పాల్సినవాడు ఇంట్లో మొగుడే అయినప్పుడు ఆ తాపీ అడగడం ఎంత పెద్ద తగాదా అవుతుందో మీకు నేను చెప్పనక్కరలేదు. గుజరాత్‌లో సేవా సంస్థ నిర్మాణ కూలీ స్త్రీలకి తాపీ పనిలో, టైల్స్ పనిలో శిక్షణ ఇచ్చింది. స్త్రీలు నేర్చుకోలేరన్న మాట అక్కడే తేలిపోయింది.

1976 సమాన వేతన చట్టం సంగతి మీ అందరికీ తెలుసు. ఒకే పనికీ, ఒకే రకమైన పనికీ స్త్రీపురుషులకి ఒకే వేతనం. ఒకే రకమైన పని అంటే నైపుణ్యం, శ్రమ, బాధ్యత ఒకటిగా ఉన్న పని అని ఆ చట్టం చెప్పింది. 1987లో ఆడ్రే డికోస్టా కేసులో సుప్రీంకోర్టు ఆడ స్టెనోగ్రాఫర్లకి తక్కువ జీతం ఇవ్వడం కుదరదంది. 2019 వేతనాల కోడ్‌లోకి ఈ చట్టాన్ని కలిపినప్పుడు ఆ నిర్వచనంలో 'అనుభవం' అన్న మాటని కూడా చేర్చారు. ఈ మాట మనకి రెండు వైపులా పదునున్న కత్తి. అనుభవాన్ని లెక్కలోకి తీసుకోమని మనం అడగవచ్చు. 'మీకు ఆ పనిలో అనుభవం లేదుగా' అని వాళ్ళూ అనవచ్చు. తాపీ పట్టనివ్వనివాళ్ళే తాపీ అనుభవం లేదంటారు. అసలు చిక్కు అక్కడే ఉంది. మగవాళ్ళ పనులు, ఆడవాళ్ళ పనులు అని ముందే విడగొట్టేస్తే 'ఒకే పని' అన్నది చాలా చోట్ల దొరకదు, చట్టానికి పోల్చి చూడడానికి ఏమీ మిగలదు. దమ్ము మగపని, ఊడ్పు ఆడపని. ఒక దానికి ఒక కూలి, ఇంకో దానికి ఇంకో కూలి.

ఆ విభజన ప్రకృతిసిద్ధం కాదని ఈ మధ్య ఏళ్ళలో మన డెల్టాలోనే రుజువైంది. పశ్చిమ బెంగాల్, బీహార్ల నుంచి మగ ముఠాలు ఊడ్పులకి వస్తున్నాయి. ఎకరాకి ఇంత అని గుత్తకి మాట్లాడుకుంటారు. 'వాళ్ళు భలే పనివాళ్ళండీ, తాడు పట్టినట్టు వేస్తారు' అని రైతులు మెచ్చుకోవడం నేను విన్నాను. ఇన్నాళ్ళూ అదే చేలో అదే పని చేసిన స్త్రీలని పనివాళ్ళు అని మెచ్చుకోగా వినలేదు. వలస వచ్చినవాళ్ళ మీద నాకేం కోపం లేదు, వాళ్ళు షెడ్లలో పడుకుని పడే పాట్లు వేరు. నేనంటున్నది ఆ 'భలే' గురించి.

యంత్రాల సంగతి కూడా ఇలాంటిదే. ట్రేలలో పెంచిన నారుతో నాటు యంత్రాలు వచ్చాయి. నీళ్ళు ఆలస్యమైన చోట్ల విత్తనం నేరుగా వెదజల్లుతున్నారు. ఊడ్పు యంత్రంలోకి వెళ్ళగానే అది నైపుణ్యం ఉన్న పని అయిపోయింది, నడిపేవాడు 'ఆపరేటర్' అయ్యాడు. 2003 ఖరీఫ్‌లో శ్రీ వరి సాగు మన రాష్ట్రంలో మొదలైనప్పుడు కూడా ఒక విచిత్రం జరిగింది. పది రోజుల లేత నారు, కుదురుకి ఒక్కటే మొక్క, పాతిక సెంటీమీటర్ల దూరం, వేరుకి మట్టి చెదరకుండా పెట్టాలి. చేతులకి పూర్తిగా కొత్త పని. నేను చూసిన ఊళ్ళలో శిక్షణ తరగతుల్లో కూర్చున్నది పట్టాదారులు, అంటే మగవాళ్ళు. నాటాల్సింది స్త్రీలు. విన్నవాడు వచ్చి గట్టు మీద నుంచి చెప్పాడు. వాళ్ళు మడిలో తిప్పలు పడి నేర్చుకున్నారు. ఆ మొదటి రోజుల్లో పని నెమ్మదిగా సాగి గుత్త కూలి గిట్టుబాటు కాలేదు. అంటే కొత్త పని నేర్చుకోవడానికైన ఖర్చు స్త్రీలే భరించారు.

ఖర్చు మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. 'పని నేర్చుకుంటున్నావు కదా' అన్న మాటతో జీతం ఎగ్గొట్టడం బెజవాడలో పెద్ద రివాజు. కుట్టు దుకాణాల్లో, బ్యూటీ పార్లర్లలో, చిన్న నర్సింగ్ హోముల్లో పదో తరగతితో చదువు ఆగిపోయిన ఆడపిల్లలు ఇలా చేరతారు. నేర్చుకునేది మూడు నెలల్లో అయిపోతుంది, నేర్చుకునే జీతం మాత్రం మూడేళ్ళు నడుస్తుంది. నర్సింగ్ హోములో సెలైన్ పెట్టడం, ఇంజెక్షన్ ఇవ్వడం చేతికొచ్చిన పిల్లకి బయట ఎక్కడా ఆ పని చేసే అర్హత ఉండదు. అర్హత లేకుండా ఆమెచేత అవి చేయించడం రోగికీ ప్రమాదమే. అందుకని ఆమె అక్కడే ఉండిపోతుంది. అనుభవం ఆమెని పైకి తీసుకెళ్ళకుండా అక్కడే కట్టిపడేసింది. కాబట్టి అనుభవంతో నేర్చుకోవడం గొప్పదని మనం ఊరికే జేజేలు కొట్టకూడదు. ఎన్నాళ్ళు నేర్చుకోవాలి, ఆ కాలంలో ఎంత ఇస్తారు, తర్వాత ఏ కాగితం చేతికి వస్తుంది, ఈ మూడూ అడగాలి.

కాగితం గురించి. 2015లో మొదలైన ప్రధానమంత్రి కౌశల్ వికాస్ యోజనలో, పనిలో నేర్చుకున్నదాన్ని పరీక్షించి ధ్రువపత్రం ఇచ్చే ఏర్పాటు ఉంది. సూత్రంగా ఇది మనం ఎప్పట్నుంచో అడుగుతున్నదే. 1988లో ఇలా భట్ అధ్యక్షతన వచ్చిన శ్రమశక్తి నివేదిక కూడా అసంఘటిత స్త్రీల పనిని గుర్తించమనే మొత్తుకుంది. కానీ ధ్రువపత్రానికీ కూలి రేటుకీ ముడి వెయ్యకపోతే అది గోడకి తగిలించే పటం అవుతుంది. అంగన్‌వాడీ వాళ్ళని చూడండి. 1975 నుంచి ఆ వ్యవస్థ నడుస్తోంది. వాళ్ళకి శిక్షణ ఉంది, రిజిస్టర్లున్నాయి, ఏళ్ళ అనుభవం ఉంది. అయినా వచ్చేది 'గౌరవ వేతనం'. 2023 డిసెంబర్ నుంచి 2024 జనవరి దాకా 42 రోజులు సమ్మె చేశారు. అప్పుడు ఎస్మా ప్రయోగించారు. జీతం అడిగితే స్వచ్ఛంద సేవ, సమ్మె చేస్తే అత్యవసర సేవ! 2022లో సుప్రీంకోర్టు వాళ్ళకి గ్రాట్యుటీ హక్కు ఉందని తీర్పిచ్చింది. అది కూడా కోర్టుకెక్కితే వచ్చింది.

కార్యకర్తలుగా మనం చెయ్యగలిగిన పని ఒకటి చెప్పి ముగిస్తాను. మీ మీ ఊళ్ళలో ఒక ముఠాతో కూర్చుని, వాళ్ళు చేసే పనిని వాళ్ళ మాటల్లోనే రాయండి. 'ఊడ్పు' అని ఒక్క మాట రాసి ఊరుకోవద్దు. బురద చూడడం, ఆకు ముదురు లేత చూడడం, కుదుళ్ళ లెక్క మార్చడం, సుడిదోమ రాకుండా బాటలు తీయడం, కొత్త పిల్లకి మూన చూపడం, ముఠా పెద్ద కూలి బేరం ఆడడం, పదిమంది లెక్క పంచడం, ఒక్కొక్కటీ విడిగా రాయండి. ఎక్కడ సొంత నిర్ణయం ఉందో గుర్తు పెట్టండి. ఆ కాగితాన్ని, వేతన నోటిఫికేషన్‌లోని నిర్వచనాన్నీ పక్కపక్కన పెట్టి కార్మిక శాఖ అధికారి బల్ల మీద పెట్టాలి. అడ్డా స్త్రీలతో కూడా ఇదే చేయవచ్చు. మొవ్వ వైపు ఒక ముఠాతో మేం ఈ పని మొదలుపెట్టాం. మొదటి రోజు వాళ్ళు నవ్వారు, 'ఇందులో రాయడానికేముందమ్మా' అని. సాయంత్రానికి నాలుగు పేజీలయ్యాయి, ఆకు తీత దగ్గరే ఉన్నాం. మధ్యాహ్నం చర్చలో ఆ నాలుగు పేజీలూ చదివి వినిపిస్తాను. గుడివాడ, అవనిగడ్డ నుంచి వచ్చినవాళ్ళు మీ వైపు మాటలు ఏమన్నా వేరుగా ఉంటే చెప్పండి.